పరీక్షకు కూర్చున్న చేతి అద్దం

నేను ఒక చేతి అద్దాన్ని. గుండ్రంగా, సరిగ్గా ఒక మనిషి ముఖం పట్టేంత ఉంటాను. చుట్టూ టేకు చట్రం, కింద పిడి. పిడి మీది పాలిష్ ఎప్పుడో పోయింది. అది పోయినచోట చేతులు పట్టి పట్టి వచ్చిన నునుపు మిగిలింది. మీ ఇళ్ళల్లో పెద్ద పెద్ద అద్దాలు ఉండే ఉంటాయి, బీరువాకి ఒకటి, గోడకి ఒకటి. వాటి ముందుకి మీరే వెళ్ళి నిలబడతారు. నా సంగతి అలా కాదు. నన్ను ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి. వాళ్ళు ఎటు తిప్పితే నాకు లోకం అటు ఉంటుంది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. విజయనగరంలో ఒక అద్దాల కొట్టు వెనక, ఎవరి బీరువాకో పెద్ద అద్దం కోయగా మిగిలిన ముక్కని. పారేయడం ఎందుకని గుండ్రంగా కోసి, అంచులు నూరి, వడ్రంగి చేత చట్రం వేయించారు. అలా కొట్టు ముందు వేలాడుతూ వచ్చేపోయేవాళ్ళ ముఖాలు చూస్తూ ఉండగా రాజాం నుంచి వచ్చిన పైడయ్య నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అందరూ అద్దం కొనేటప్పుడు తమ ముఖం చూసుకుంటారు. ఆయన చూసుకోలేదు. భుజం మీదుగా వెనక్కి పట్టుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పి, బరువు సరిపోయిందని తల ఊపాడు. నాకు అప్పుడే అర్థమయింది, ఈయన పని తెలిసినవాడని.

పైడయ్యకి రాజాంలో బస్టాండు వెనక క్షౌరశాల ఉండేది. ఒక కుర్చీ, ఎదురుగా గోడకి ఒక పెద్ద అద్దం, పక్కన బల్ల మీద నేను. క్రాపు పూర్తయ్యాక నన్ను తీసి కూర్చున్నవాడి మెడ వెనక పట్టుకునేవాడు. నాలో వెనకభాగం కనపడేది, నేను గోడ అద్దంలో కనపడేదాన్ని, అలా ఆ మనిషి తన మెడ తను చూసుకునేవాడు. మనుషులకి తమ వెనక ఏముందో చూసుకోవాలని ఎంత ఆత్రమో. చూశాక “బాగుంది” అని తప్ప మరో మాట అన్నవాణ్ణి మాత్రం నేను ఎరగను.

అనకపోవడానికి కారణం పైడయ్య మణికట్టు. నడినెత్తిన జుట్టు పలచబడ్డవాళ్ళు వస్తే నన్ను ఒక వేలి మందం కిందికి వంచేవాడు. అప్పుడు నాలో చక్కగా తీర్చిన మెడ అంచు కనపడేది, పైన ఉన్న బట్టతల కనపడేది కాదు. అది మోసమని ఆయన అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఒకసారి పండగ రద్దీలో మరిచిపోయి, రిటైరైన లెక్కల మాస్టారికి నన్ను నిటారుగా పట్టుకున్నాడు. మాస్టారు నడినెత్తి తడుముకుని, “ఇదెప్పుడొచ్చింది?” అని అడిగారు. మళ్ళీ మా కొట్టుకి రాలేదు. ఆ తర్వాత పైడయ్య నన్ను ఎవరికీ నిటారుగా పట్టుకోలేదు.

కాలం మారింది. పైడయ్య కొడుకు సూరిబాబు చేతికి కొట్టు వచ్చాక ముందూ వెనకా గోడలకి నిలువెత్తు అద్దాలు వేయించాడు. కుర్చీలో కూర్చుంటే చాలు, ముఖం, వీపు, వాటి వెనక మళ్ళీ ముఖం, వరసగా కనపడతాయి. ఇక నాతో పనేముంది? నన్ను సంచిలో వేసి ఇంటికి తెచ్చారు. వంటగది గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. అక్కణ్ణుంచి నాకు ముందుగది అంతా కనపడేది. మంచం, దూలానికి కట్టిన చీర ఉయ్యాల, కిటికీ కింద చెక్క బల్ల. అక్కడే నాకు హైమావతి ముఖం పరిచయమయింది.

హైమ ఆ ఇంటి కోడలు. సూరిబాబు భార్య. వచ్చిన కొత్తలో నాలో చూసుకుంటూ బొట్టు పెట్టుకునేటప్పుడు ఆమె పెదాలు కదులుతూ ఉండేవి. పాటేదో పాడుకుంటోంది అనుకున్నాను. కొన్నాళ్ళకి గాని తెలియలేదు, అవి రసాయనశాస్త్రం పాఠాలు. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఉండగా పెళ్ళి కుదిరింది. పరీక్షలు రాశాక చేసుకుంటానని పుట్టింట్లో చెప్పింది. వద్దన్నారు. పెళ్ళయ్యాక కాలేజీకి వెళ్తానని పెళ్ళిచూపుల్లోనే చెప్దామనుకుంది. చెప్తే సంబంధం తప్పిపోతుందని వాళ్ళ అమ్మ నోరు నొక్కేసింది. పెళ్ళయ్యాక ఒకసారి సూరిబాబుతో అంది. అతను కాదనలేదు, “సూద్దాం లే” అన్నాడు. ఆ చూడడం ఇంకా అవలేదు. అప్పటినుంచి హైమ తనకి కావలసినవాటిని ఎవరితోనూ చెప్పడం మానేసింది. అడగనిదాన్ని ఎవరూ కాదనలేరు కదా అని ఆమె లెక్క. నాతో చెప్పలేదు గాని, ముఖం చూస్తే తెలిసేది.

తర్వాత పాప పుట్టింది. పేరు లాస్య. కూతురు పుట్టినప్పటినుంచి హైమకి భయాలు ఎక్కువయ్యాయి. పిల్ల దగ్గితే భయం, దగ్గకపోతే భయం. పాలు సరిపోయాయో లేదో, ఉయ్యాల ముడి గట్టిగా ఉందో లేదో. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర నన్ను పెట్టి, నా మీద ఆవిరి పడితే గాని కదిలేది కాదు. అద్దానికి ఇలాంటి పని కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లకి నడక వచ్చాక నా దగ్గరికి తీసుకొచ్చి చూపించేవాళ్ళు. నాలో తనని తాను చూసుకుని “పాప! పాప!” అని నవ్వేది. నా జీవితంలో ఏ వంపూ లేకుండా చూసుకుని సంతోషపడ్డ మనిషి అదొక్కతే.

సూరిబాబు ఒకరోజు ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. కొట్టుకి ఇంటర్నెట్లో ఒక పేజీ ఉంటే బాగుంటుందని, చేయించాలని అతని ఆలోచన. అతను కొట్టుకి వెళ్ళాక హైమ దాన్ని తెరిచి కూర్చుంది. వీడియోలు చూస్తూ, ఆపి ఆపి రాస్తూ, పది రోజులు తిరక్కుండా ఆ పేజీ తనే చేసింది. తెరమీద కత్తెర బొమ్మ, కొట్టు పేరు, పనివేళలు, మంగళవారం సెలవు. సూరిబాబు చూసి, ఎవరు చేశారని అడిగాడు. తనే అని చెప్పినప్పుడు హైమ ముఖంలో వచ్చిన వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

వెబ్ డిజైన్ నేర్చుకుంటే ఇంట్లోనే కూర్చుని, పిల్లని కళ్ళముందు ఉంచుకుని పని చేసుకోవచ్చని ఆమెకి తెలిసింది. ఏ కోర్సులో చేరాలన్నదే తేలలేదు. ముందు అత్తగారిని వెంటబెట్టుకుని, మెయిన్ రోడ్డు మీద గాజు తలుపుల ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళొచ్చింది. తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పిన కబుర్లన్నీ విన్నాను. అక్కడ కౌన్సిలరు అనే కుర్రాడు చాలా మర్యాద చేశాడట. ఏం చదివారని అడిగితే హైమ ఇంటర్ పాస్ అని చెప్పేసింది. సర్టిఫికెట్ ఎవరిస్తారని అడిగితే మేమే ఇస్తామన్నాడు. పరీక్ష ఎవరు పెడతారంటే మేమే పెడతామన్నాడు. ఎంతమంది పాసవుతారంటే అందరూ అన్నాడు.

అత్తగారు అప్పలకొండ ఆకు మడుస్తూ, “అందరూ పాసైపోయే పరీచ్చకి ఎల్లడం ఎందుకే అమ్మీ, ఇంటికాడ కూకున్నా పాసే గదా” అంది.

హైమ నవ్వింది గాని, ఆ మాట ఆమెకి పట్టుకుంది. ఏ కోర్సు చూసినా ముందు ఒకటే అడిగేది: నేర్పేవాళ్ళే పరీక్ష పెడుతున్నారా, వేరేవాళ్ళు పెడుతున్నారా? ఊరికే దొరికే వీడియోల్లో నేర్చుకోవడం అవుతుంది, సర్టిఫికెట్ రాదు. ఒకచోట సర్టిఫికెట్ ఉంది, నేర్పడం లేదు. ఇంకోచోట రెండూ ఉన్నాయి, రోజంతా తరగతిలో కూర్చోవాలి, పిల్లని తీసుకురాకూడదు. చివరికి ఆన్‌లైన్‌లో తెలుగులో చెప్పే ఒక కోర్సు దొరికింది. చెప్పేది వసుంధర అనే ఆవిడ. మధ్యాహ్నం పూట క్లాసు. ఆఖర్న పరీక్ష పెట్టేది ఆవిడ కాదు, బయటి సంస్థ. ఆ పరీక్ష పాసైనవాళ్ళని ఇంట్లోంచి పని చేయడానికి తీసుకుంటామని ఒక కంపెనీవాళ్ళు ఆవిడకి మాటిచ్చారు. ఆ బ్యాచికి మాత్రమే.

చేరేముందు వసుంధర ఫోన్లో మాట్లాడింది. ఏం చదివారు? ఇంటర్ పాసండి. క్లాసు టైములో ఇంట్లో ఇబ్బంది ఏమైనా ఉంటుందా, చిన్నపిల్లలూ అలాంటివి? హైమ ఉయ్యాల వైపు చూసి, “లేదండి, ఎవరూ లేరు” అంది. చెప్తూ చెప్తూ కాలి బొటనవేలికి కట్టుకున్న తాడుతో ఉయ్యాల ఊపుతూనే ఉంది.

క్లాసులన్నీ అలాగే నడిచాయి. కెమెరా, మైకు ఆపేసి, కాలివేలికి తాడు కట్టుకుని. లాస్య లేస్తే ఒళ్ళో వేసుకుని, ఒక చేత్తోనే టైపు చేసేది. వసుంధర ప్రశ్న అడిగితే పిల్ల నోట్లో బిస్కెట్టు పెట్టి, మైకు తెరిచి, జవాబు చెప్పి, మళ్ళీ ఆపేసేది. ఆ జవాబులు సరిగ్గా ఉండేవి. వసుంధర మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా హైమ ముందు సంతోషించేది, వెంటనే తలుపు వైపు చూసేది, ఎవరో వచ్చి నిజం చెప్పేస్తారేమో అన్నట్టు.

పైడయ్యకి అది ఏం చదువో తెలుసుకోవాలని ఉండేది. సాయంత్రాలు, పెళ్ళిళ్ళలో తను వాయించే సన్నాయి తుడుచుకుంటూ పక్కన కూర్చునేవాడు. పేజీలో అక్షరాల చుట్టూ ఖాళీ వదలాలని, దాన్ని మార్జిన్ అంటారని హైమ చెప్తే, “సెవి సుట్టూరా వదిలీ జాగాలాటిది” అన్నాడు. ఆమె అవునంది. అప్పటినుంచి తెరమీద ఏది ఇరుకుగా కనపడ్డా, “సెవి కోసీసినావమ్మా” అనేవాడు. మామా కోడళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆ ఇంట్లో నేను చూసిన మంచి సాయంత్రాలు అవే.

పరీక్ష దగ్గరికొచ్చింది. అది కూడా ఇంట్లోనే రాయాలి. ల్యాప్‌టాప్ కెమెరాలోంచి ఎక్కడో కూర్చున్న పరీక్షాధికారి చూస్తూ ఉంటాడు. గదిలో రాసేవాళ్ళు తప్ప మరో ప్రాణి ఉండకూడదు. బల్ల మీద కాగితం ఉండకూడదు. ఇంకొక నియమం చదివి హైమ ఆగిపోయింది. ఒక చేతి అద్దం దగ్గర ఉంచుకోవాలి. అడిగినప్పుడు దాన్ని కెమెరాకి ఎదురుగా పట్టుకుని, తెర చుట్టూ, కీబోర్డు మీద ఏమీ అంటించి లేవని చూపించాలి. హైమ తలెత్తి నా వైపు చూసింది. మేకు మీదనుంచి తీసి, చీర కొంగుతో తుడిచింది. ఇన్నాళ్ళకి మళ్ళీ నాకు ఉద్యోగం వచ్చింది. నిజం చెప్పొద్దూ, పొంగిపోయాను.

నన్ను ఎలా పట్టుకోవాలో మామగారినే అడిగింది. ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు పిడి నిమిరాడు. ఏం చూపించాలని అడిగాడు. తెర, కీబోర్డు అంది. ఆయన కాస్త వంచి పట్టుకుని చూపించాడు.

“ఇలగ పట్టుకుంటే అదే అవుపిస్తాది, గది అవుపించదు. అడిగిందే సూపించాల. అడగంది మనమెందుకు సూపించడం?”

ఆ వంపు హైమకి ఇట్టే వచ్చేసింది. ఆ తర్వాత రోజూ నా ఎదుట నిలబడి, పరీక్షాధికారికి చెప్పాల్సిన ఇంగ్లీషు మాటలు అప్పజెప్పుకునేది. యస్ సర్. నో సర్. ఐ యామ్ అలోన్ ఇన్ ది రూమ్ సర్. ఆ ఆఖరి మాట ఆమెకి నోరు తిరిగేది కాదు. అందుకని దాన్నే ఎక్కువసార్లు చెప్పుకునేది.

తేదీ తనే ఎంచుకోవచ్చు. మంగళవారం క్షౌరశాలలకి సెలవు, సూరిబాబు ఇంట్లోనే ఉంటాడు, పిల్లని చూసుకుంటాడు. ఎవరైనా మంగళవారమే ఎంచుకుంటారు. హైమ ఆదివారం ఎంచుకుంది. ఆదివారం కొట్టు రద్దీ, మగవాళ్ళు ఉండరు, ఇల్లు ఖాళీగా ఉంటుంది. అత్తకి పిల్లనిచ్చి వీధిలోకి పంపితే సరిపోతుంది. సూరిబాబుతో చెప్పలేదు. పరీక్ష పోతే అతనికి తెలియకూడదు, పాసైతే ఒక్కసారి చెప్పాలి. ఇదీ ఆమె అనుకున్నది.

ఆ ఆదివారం పొద్దున్న ఊళ్ళో ఒక పెళ్ళి తగిలింది. పెళ్ళికి సన్నాయి పైడయ్యది. పెళ్ళికూతురికి మంగళస్నానం ముందు గోళ్ళు తీసి పారాణి పెట్టాల్సింది అప్పలకొండ. ఆమె వెళ్ళకపోతే అక్కడ పని మొదలవదు. బయల్దేరబోతూ అప్పలకొండ లాస్యని చంకనేసుకుని ఆగింది. పిల్లని తీసుకుపోనా, పెళ్ళికూతురు గోళ్ళు తీసేటప్పుడు ఇది తన చెయ్యి లాగేస్తుందేమో అని ఆలోచిస్తూ, నీకేదో పరీక్షన్నావు గదా అని అడిగింది.

హైమ ముఖం నాకు ఎదురుగా ఉంది. ఒక్క మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“చిన్న పరీక్షే అత్తా. నువ్వెళ్ళు. పాప పడుకుంటుంది” అంది.

అప్పలకొండ పిల్లని దించి వెళ్ళిపోయింది. ఆమె గొంతు గుమ్మం దాటి వీధి మలుపు తిరిగేదాకా హైమ నిలబడే ఉంది. పిలిస్తే వినపడేంత దూరమే. పిలవలేదు.

లాస్యకి పెందలాడే అన్నం పెట్టి, ఉయ్యాలలో వేసి జోకొట్టింది. పిల్ల పడుకుంది. ఉయ్యాల బల్లకి ఎదురుగా, ల్యాప్‌టాప్ వెనక ఉంది. కెమెరా హైమ వైపు చూస్తుంది కాబట్టి ఉయ్యాల దానికి కనపడదు. వేలికి తాడు కట్టుకుంది. తలుపు గడియ పెట్టింది. నన్ను కుడిచేతి పక్కన పెట్టుకుని కూర్చుంది.

తెరలోంచి ఒక మగ గొంతు వచ్చింది. మర్యాదగానే మాట్లాడింది. గుర్తింపు కార్డు చూపించమంది. ల్యాప్‌టాప్ ఎత్తి గది చూపించమంది. హైమ మూడు గోడలు చూపించి, నాలుగోదాని దగ్గర చెయ్యి కొంచెం తొందరగా తిప్పింది. తర్వాత అద్దం చూపించమంది. ఆమె నన్ను ఎత్తి పట్టుకుంది. మామగారు నేర్పిన వంపు, వెంట్రుకవాసి తేడా లేదు. నాలో తెర కనపడింది, కీబోర్డు కనపడింది. ఉయ్యాల కనపడలేదు. గదిలో ఒక్కరే ఉన్నారా అని అడిగింది ఆ గొంతు.

“యస్ సర్. ఐ యామ్ అలోన్ ఇన్ ది రూమ్ సర్.”

నోరు తిరిగింది.

పరీక్ష మొదలయింది. నేను బల్ల మీద వెల్లకిలా పడుకుని ఆమె ముఖాన్ని కిందినుంచి చూస్తున్నాను. ప్రశ్నలు వచ్చినవే. ఆమె వేళ్ళు ఆగడం లేదు. ఒక దగ్గర చిన్నగా నవ్వుకుంది కూడా. చెవి చుట్టూ వదిలే జాగా గురించి ఏదో అడిగి ఉంటారు. కింద కాలు దాని పని అది చేసుకుపోతోంది. నాకు నమ్మకం కుదిరింది. సగం దాటిపోయింది, ముప్పాతిక దాటిపోయింది. ఇక అయిపోయినట్టే.

ఉయ్యాలలో పిల్ల కదిలింది. “అమ్మా” అంది. ఏడుపు కాదు, నిద్రలో అన్నట్టు ఒకే ఒక్కసారి.

తెరలో గొంతు వెంటనే పలికింది. గదిలో ఎవరైనా ఉన్నారా? నో సర్, అంది హైమ. అది పక్కింటి శబ్దం అని చెప్పడానికి ఆమెకి ఇంగ్లీషు మాటలు దొరకలేదు. దయచేసి అద్దం ఇంకొకసారి చూపించండి, అంది గొంతు.

ఆమె నన్ను ఎత్తింది. వంపు సరిగ్గానే పెట్టింది. ఆ చేతిని నేను తప్పు పట్టను. కాని అప్పటికే లాస్య లేచి కూర్చుంది. ఉయ్యాల చీరలోంచి తల బయటపెట్టి చూసింది. తల్లి చేతిలో నేను కనపడ్డాను. రోజూ తన ముఖాన్ని చూపించే నేస్తాన్ని కదా. ఇటు వంగింది, అటు వంగింది, చీర అంచు మీంచి ఇంకా కిందికి వాలి, నాలో ఎక్కడ పడితే తను కనపడుతుందో అక్కడికి తల తెచ్చింది.

“పాప! పాప!”

పిల్ల నాలో తనని చూసుకుంటోంది అంటే, నాలోంచి కెమెరాకి పిల్ల కనపడుతోందన్నమాట. నా ముందు ఎవరుంటే వాళ్ళని చూపించడం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ క్షణంలో పగిలిపోయి ఉంటే బాగుండుననుకున్నాను. అద్దాలు అనుకుంటే పగలవు.

గొంతు ఏమీ కోప్పడలేదు. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. తెర మారిపోయి, పరీక్ష రద్దని ఎర్ర అక్షరాలు వచ్చాయి. హైమ వాటిని మూడుసార్లు చదివింది. తర్వాత నన్ను బల్ల మీద పెట్టి, కాలివేలి తాడు విప్పుకుని, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి పిల్లని తీసుకుంది. ముద్దుపెట్టుకోలేదు, తిట్టలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది. పిల్ల మాత్రం భుజం మీంచి నా వైపు చెయ్యి చాస్తూనే ఉంది.

అప్పలకొండ పెళ్ళింటినుంచి సాయంత్రానికి వచ్చింది, వేళ్ళకి పారాణి ఎరుపుతో. కోడలు ముఖం చూసి సంచి కిందపెట్టి అడిగింది. హైమ అంతా చెప్పింది. ఎందుకో ఆ రోజు ఏదీ దాచలేదు. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం ఈ పరీక్ష మీదే ఉందని కూడా చెప్పింది. అప్పలకొండ గోడకి చేరబడి కూర్చుండిపోయింది.

“పెద్ద పరీచ్చని ఒక్క ముక్క సెప్తే నానెల్తానేటే? ఆ గోళ్ళు ఆళ్ళ మేనత్తయినా తీసును. ఒలే, నాను నీకు అంత కానిదాన్నేటి?”

సూరిబాబు రాత్రి అన్నం తింటూ విన్నాడు. మంగళవారం పెట్టుకోవాల్సిందని అనలేదు. అనకుండా కంచం ముందు చాలాసేపు చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు. అనేస్తే ఆమెకి తేలిగ్గా ఉండేది.

మర్నాడు వసుంధర ఫోను చేసింది. పరీక్ష పెట్టిన సంస్థ ఆవిడకి తెలియజేసిందట, గదిలో మనిషిని దాచినందుకు రద్దు చేశామని. స్పీకరు పెట్టి ఉండడంతో ఇద్దరి మాటలూ నాకు వినపడ్డాయి.

“మీకు పాప ఉందని నాకు ఇన్ని నెలల్లో తెలీనే తెలీదు హైమావతి గారూ. మొదలయ్యే ముందు చెప్తే తేదీ మార్చేవాళ్ళు. అది నియమాల్లోనే ఉంది. పిల్లలున్నవాళ్ళకి మధ్యలో ఆపుకునే వీలు కూడా అడిగి ఇప్పించేదాన్ని. ఇప్పుడు దాచారని రాశారు. లేదని చెప్పి దాస్తే వాళ్ళు మోసం కిందే లెక్కేస్తారు. ఎందుకు చెప్పలేదు?”

హైమ ఫోను దగ్గరికి లాక్కుంది. తర్వాత అంది.

“చెప్తే వద్దంటారనుకున్నానండి.”

ఇంకా ఏమైనా దాచారా అని వసుంధర అడగలేదు. అడిగి ఉంటే హైమ ఇంటర్ సంగతి చెప్పేసేదే. ముఖం నాకు కనపడుతోంది, చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఆవిడ, ఆ కోర్సుకి పదో తరగతి చాలు, అంతకుమించి చదువు అడగరు, మళ్ళీ ఎప్పుడైనా చేరొచ్చు అని మాత్రం చెప్పింది, ధైర్యం చెప్పడానికి. ఆ మాట హైమని ఎలా తాకిందో ఆవిడకి తెలియదు. కాని పరీక్ష మళ్ళీ రాయడానికి చాలాకాలం ఆగాలి. ఆ కంపెనీవాళ్ళు ఆ బ్యాచిలో పాసైనవాళ్ళని తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారం రోజులూ హైమ నాలో చూసుకోలేదు. బొట్టు వేలితో తడుముకుని పెట్టుకునేది, ఒక్కోసారి పక్కకి పోయేది. కాని లాస్యకి ఇవేవీ పట్టవు. పొద్దున్న లేవగానే మేకు కింద నిలబడి “పాప! పాప!” అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా హైమ చేస్తున్న పని ఆపేసేది. ఒకరోజు వంటింట్లోంచి గబగబా వచ్చి నన్ను గోడ వైపు తిప్పి తగిలించేసింది. పిల్ల కాసేపు ఏడ్చి మరిచిపోయింది.

అప్పటినుంచి నాకు గోడ మీది సున్నం తప్ప ఏమీ కనపడదు. ఒకచోట పెచ్చు లేచింది, దాన్నే చూస్తూ ఉంటాను. వినడం మాత్రం మానలేదు. మనుషులు నన్ను ఎటైనా తిప్పగలరు, ఇంట్లో మాటలు నాకు వినపడకుండా చెయ్యలేరు. ల్యాప్‌టాప్ మూత తెరిచిన చప్పుడు చాలా రోజులు వినపడలేదు. ఈమధ్య మళ్ళీ వినపడుతోంది. ముందు తలుపు వేసుకుని తెరిచేది. ఇప్పుడు వేసుకోవడం లేదు. అత్తగారు అటూ ఇటూ తిరుగుతూ ఉండగానే కీలు నొక్కుతోంది.

నిన్న మధ్యాహ్నం ఎవరికో ఫోను చేసింది. కొత్త కోర్సు గురించి. ఏ ఊరువాళ్ళో, ఏ సంస్థో తెలియలేదు. ఈసారి వాళ్ళు అడక్కముందే తనే మొదలుపెట్టింది.

“నేను ఇంటర్ మొదటి ఏడాది సగంలో ఆపేశానండి. నాకు చిన్నపాప ఉంది. క్లాసులో ఏడుస్తుంది. ఇంకో సంగతి, ఒక పరీక్షలో నేను పాప లేదని చెప్పాను, రద్దు చేశారు. ఇవన్నీ విన్నాక మీరు తీసుకుంటారో లేదో చెప్పండి.”

ఎక్కడా ఆగలేదు. ఎంతోమంది ముఖాలు చూశాను. మెడలు చూసుకుని మురిసిపోయినవాళ్ళని, బట్టతల చూసి కొట్టు మానేసినవాళ్ళని, బొట్టు పెట్టుకుంటూ పాఠాలు మింగినదాన్ని. ఆ మాటలు చెప్తున్నప్పుడు హైమ ముఖం ఎలా ఉందో చూడాలని ఎంత అనిపించిందో చెప్పలేను. గోడ నాకు అడ్డం.

అవతలివాళ్ళు ఏమన్నారో వినపడలేదు. చాలాసేపు మాట్లాడారు. ఆఖర్న హైమ “సరేనండి” అంది, ఫోను పెట్టేసింది.

అది ఏ సరేనో నాకు తెలియదు.